ఆటలమ్మ ఉన్న ఇల్లు

మా వీధిలో ఒక ఇంటిని పిల్లలందరూ జబ్బు పేరుతో పిలిచేవారు. పిలిచింది ముద్దుగానే. కానీ ఆ ముద్దు ఒక మనిషిని ఇంటికి తాళం వేసి ఊరు వదిలి పోయేదాకా తీసుకొచ్చింది. ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు. నవ్వండి, నేనూ నవ్వాను. నవ్విన తర్వాత ఏం జరిగిందో కూడా వినండి మరి.

ముందు నా సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. పాలకొల్లులో కాలవ గట్టుకి దగ్గర్లో జాకెట్లు కుట్టే కొట్టు నాది, దాని వెనక గదిలోనే కాపురం. పేరు సుభద్ర. మా ఆయన మస్కట్‌లో క్రేను నడుపుతాడు, రెండేళ్ళకోసారి వస్తాడు, వచ్చిన నెలలోనే మళ్ళీ పెట్టె సర్దుకుంటాడు. పిల్లలు లేరు. "ఒక్కదానివే ఎలా ఉంటున్నావే?" అని అడిగేవాళ్ళకి, "నాకేం, మిషనుందిగా" అని చెబుతాను. వెలుతురు కోసం ఆ మిషను కిటికీ పక్కన వేసుకున్నాను. కిటికీకి ఎదురుగా మాణిక్యాంబగారి గేటు. అందుకని ఈ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మాణిక్యాంబగారు ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. సన్నగా, పొడుగ్గా, కొరడాలా ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. మంచం పట్టిన తల్లిని చూసుకుంటూ ఆ వయసు దాటించేశారు. తొంభయ్యారు తుపానుకి పెరట్లో కొబ్బరిచెట్లు వరసగా పడిపోయాయి, ఆ నెలలోనే తల్లీ పోయింది. మరుసటేడు రిటైరయ్యారు. పెరడూ బోసిపోయింది, ఇల్లూ బోసిపోయింది. మిగిలిందల్లా ఒక జామచెట్టు, గేటు పక్కన ఒక మునగచెట్టు, వాటి మధ్య బోలెడంత ఖాళీ జాగా.

రిటైరైన కొత్తలో ఆవిడ నా కొట్టుకి తరచుగా వచ్చేవారు. ఒకటే జాకెట్టు. ఒక వారం "కాస్త వదులు చెయ్యి సుభద్రా" అనేవారు. మళ్ళీ వారం అదే జాకెట్టు పట్టుకొచ్చి "కాస్త బిగించు" అనేవారు. నేను విప్పిన కుట్టే మళ్ళీ వేసి, వేసిన కుట్టే మళ్ళీ విప్పి ఇచ్చేదాన్ని. జాకెట్టు కోసం రాలేదని నాకూ తెలుసు, నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. బల్ల మీద కూర్చుని రోడ్డు చూసేవారు. సాయంత్రం నాలుగింటికి బడి గంట వినపడగానే చటుక్కున లేచి నిలబడేవారు. నిలబడ్డాక, ఎందుకు లేచారో గుర్తొచ్చి, "వస్తానమ్మా" అని వెళ్ళిపోయేవారు. అది చూస్తే నాకు ఎక్కడ లేని దిగులూ పుట్టుకొచ్చేది, మిషను గట్టిగా తొక్కేసేదాన్ని.

మా పక్కింటి దేవిశ్రీ బ్యాంకులో పనిచేసేది. భర్త చంద్రరావు మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల మీద ఉండేవాడు, ఆదివారం తప్ప కనపడడు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు హారతి. రెండో తరగతి. బడి నుంచి నాలుగింటికి వచ్చి, తల్లి వచ్చేదాకా నా కొట్టు మెట్ల మీద కూర్చునేది. ఒళ్ళో చిప్స్ ప్యాకెట్టు, చేతిలో కూల్‌డ్రింకు. ముద్దుగా బొద్దుగా ఉండేది కానీ, నా మెట్లు మూడెక్కేసరికి దానికి ఆయాసం వచ్చేది. ఏడేళ్ళ పిల్లకి ఆయాసం ఏంటి చోద్యం కాకపోతే!

ఒకరోజు మాణిక్యాంబగారు జాకెట్టు విప్పించుకోడానికి వచ్చి, దాన్ని అలా కాసేపు చూసి, "ఏమ్మా, ఆకలా, నోటి దురదా?" అని అడిగారు.

అది బిత్తరపోయి నా వైపు చూసింది. దాన్ని అలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

"తెలీదండి," అంది.

"తెలీకపోతే ఎలా? రా, తెలుసుకుందాం," అని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి తీసుకుపోయారు. గంట తర్వాత కిటికీలోంచి చూస్తే, జామచెట్టు కింద పిల్ల చెమటలు కక్కుకుంటూ, ఉడకబెట్టిన సెనగలు గుప్పెళ్ళతో తింటోంది. ఆవిడ కూడా పక్కన చతికిలబడి తింటున్నారు. ఆవిడ ఇంకొకరితో కలిసి తినగా చూడటం అదే మొదలు.

దేవిశ్రీ వచ్చి అడిగింది. "ట్యూషను చెబుతారా టీచరుగారూ?"

"చెప్పనమ్మా. ఆడిస్తాను. ఆకలేస్తే పెడతాను."

"అదేంటండీ! ఆడుకోడానికి పంపుతారా ఎవరైనా?"

"పంపకపోతే మానెయ్యి. మెట్ల మీద కూర్చోబెట్టి చిప్సు మేపుతున్నావుగా, అలాగే కానియ్యి."

దేవిశ్రీ మొహం ఎర్రబడింది గానీ, మర్నాటి నుంచి పంపింది. వేరే దారి లేదు మరి. దాన్ని చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి ఇంకొకరు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, పాలకొల్లంతా పిల్లల్ని సాయంత్రం కూడా పుస్తకాల ముందు కూర్చోబెట్టే రోజుల్లో మా వీధి పిల్లలు మాత్రం ఆ ఖాళీ పెరట్లో ఏడుపెంకులాట ఆడేవారు. చూస్తుండగానే పది పన్నెండు మంది పోగయ్యారు.

ఆవిడ పద్ధతులు ఆవిడవి. గేటు దాటగానే గాబు దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి. ఎవరి పెరట్లో ఏది కాస్తే అది తేవాలి. ఒకడు జామకాయలు, ఒకతి చిలకడదుంపలు, శీతాకాలమైతే ఎవరో ఒకరు తేగలు తెచ్చేవారు. ఏ పెరడూ లేనివాళ్ళు మునగాకు దూయాలి. ప్యాకెట్లు తెస్తే తిట్టేవారు కాదు, లాక్కునేవారు కాదు. బట్టలారేసే తీగకి క్లిప్పు పెట్టి వేలాడదీసేవారు. "ఇంటికెళ్ళేటప్పుడు నీ ప్యాకెట్టు నువ్వు తీసుకో నాన్నా" అనేవారు. ఆడి, అలిసి, చోడి జావ తాగి ఇంటికెళ్ళేటప్పుడు ఏ వెధవకి గుర్తుంటుంది? దండెం మీద ప్యాకెట్లు అలా గాలికి ఊగుతూ ఉండిపోయేవి. ఎవడైనా ఆట మధ్యలో "తినడానికి పెట్టండి" అని వస్తే అదే ప్రశ్న. "ఆకలా, నోటి దురదా?" దురదైతే, ఇంకో ఆట. ఆకలైతే వెంటనే గిన్నె. అబద్ధం చెప్పినా ఒప్పుకునేవారు. "పొట్ట సంగతి పొట్టగలవాడికే తెలుస్తుంది" అనేవారు.

ఏడాది తిరిగేసరికి హారతి తాడాట ఆడుతుంటే, తాడు తిప్పేవాళ్ళకి చేతులు నొప్పిపుట్టేవి గానీ దానికి ఆయాసం వచ్చేది కాదు.

పేరు ఎలా వచ్చిందంటే, మొదట్లో "ఆటల టీచరమ్మగారు" అనేవారు. చిన్నపిల్లల నోటికి అంత పొడుగు పేరు పడుతుందా? కొన్నాళ్ళకి "ఆటల టీచరమ్మ" అయింది. చివరికి "ఆటలమ్మ"లో వచ్చి ఆగింది. నేను మొదటిసారి విన్నప్పుడు సూది వేలికి గుచ్చుకుంది. ఆటలమ్మ అంటే మనకి ఏంటండీ? ఒళ్ళంతా పొక్కులు పోస్తే, అమ్మవారు వచ్చిందని వేపకొమ్మలు కట్టి, ఆ పేరు కూడా గట్టిగా అనకుండా దణ్ణం పెట్టుకుంటామే, ఆ ఆటలమ్మ.

పరుగున వెళ్ళి చెప్పాను. "హవ్వ, అదేం పేరండీ టీచరుగారూ! మాన్పించండి. అమ్మవారి పేరు."

ఆవిడ నవ్వారు. ఎప్పుడూ నవ్వే మనిషి కాదు. "అననియ్యవే. ముప్ఫై ఏళ్ళు టీచరమ్మా, టీచరమ్మా అనిపించుకున్నాను. ఉత్తినే 'అమ్మా' అని దగ్గరకొచ్చిన పేరు ఇదొక్కటే," అన్నారు.

తిరిగి మిషను దగ్గరకి వచ్చేశాను. ఆ పేరు మాత్రం గేటు లోపలే ఉండేది. పెద్దవాళ్ళ ముందు "టీచరుగారు" అనేవారు పిల్లలు. నాకు తప్ప పెద్దవాళ్ళెవరికీ ఆ పేరు తెలియదు.

అలా రెండు మూడేళ్ళు గడిచాయి. ఒక ఫాల్గుణమాసంలో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, మా చెల్లెలి పురిటికి నేను నిడదవోలు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళే ముందురోజు సాయంత్రం ఎదురింటి గేటు దగ్గర చిన్న గొడవ జరిగింది. చెడుగుడు ఆడుతూ హారతి పడి మోకాలు గీరుకుంది. దేవిశ్రీ అసలే బ్యాంకులో ఏదో మాట పడి వచ్చింది. రక్తం చూసి ఇంతెత్తున లేచింది.

"దెబ్బలు తగిలించుకోడానికి పంపట్లేదండి మా పిల్లని!"

"ఆడే పిల్లకి దెబ్బ తగలదా? కూర్చున్న పిల్లకే తగలదు," అన్నారు మాణిక్యాంబగారు. ఆవిడ నాలుకా తక్కువది కాదు.

దేవిశ్రీ పిల్లని రెక్క పట్టుకుని తీసుకుపోయింది. అదేమంత పెద్ద గొడవ కాదు, మర్నాటికి సర్దుకుంటుందిలే అనుకుని నేను నిడదవోలు వెళ్ళిపోయాను. చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. పురిటి స్నానం అయ్యాక రిక్షాలో మా వీధిలోకి తిరిగి వస్తూ చూద్దును కదా, మాణిక్యాంబగారి గేటుకి వేపకొమ్మ కట్టి ఉంది. పసుపు కూడా రాశారు.

అయ్యో, టీచరుగారికి అమ్మవారు పోసిందా? ఈ వయసులో పోస్తే మాటలా? లోపల ఒక్కరే, మంచినీళ్ళు అందించేవాళ్ళు కూడా లేరే! నాకు చిన్నప్పుడే వచ్చిపోయింది కాబట్టి భయం లేదు. సంచీ కొట్టు మెట్ల మీద పడేసి, గేటు తోసుకుని లోపలికి వెళ్ళాను.

ఆవిడ మంచం మీద లేరు. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. వరండాలో నిలబడి, పిల్లలు ఎగిరే తాడు చుట్ట చుట్టి ట్రంకు పెట్టెలో పెడుతున్నారు. పెట్టె సగం నిండి ఉంది. పొయ్యి పక్కన గిన్నెలో సెనగలు, పది మందికి సరిపడా. ఎవరూ ముట్టుకోలేదు.

"వచ్చావా సుభద్రా. నీకోసమే ఆగాను. నీకు చెప్పకుండా వెళ్ళడం బాగోదని," అన్నారు.

"ఎక్కడికండీ? ఎవరికండీ ఆటలమ్మ?"

"నాకేం తెలుసు? ఆ కట్టినవాళ్ళనే అడుగు." ఆవిడ గొంతు గీరుకుపోయినట్టుంది. "ఆ గొడవైన మర్నాడు గేటు తీసి చూస్తే ఈ కొమ్మ కట్టుంది. తీసి పారేశాను. మర్నాడు ఇంకోటి. సాయంత్రం ఒక్క పిల్లా రాలేదు. సెనగలు ఉడకబెట్టుకుని వరండాలోంచే ఈల వేశాను. ఎదురింటి కిటికీలు మూసుకున్నాయి. పాలు పోసే చిట్టియ్య కూడా చెంబు గేటు దగ్గర పెట్టించి, దూరం నుంచి పోసి పోతున్నాడు. నా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదని వీళ్ళకి తెలియదా? తెలుసు. తెలిసే కట్టారు. పిల్లలు భయపడి రాకుండా ఉండాలని. పొమ్మనలేక పొగబెట్టినట్టు, నాకు వేపకొమ్మ కట్టారు. ఒక మోకాలి గీరుడికి!"

"మీరు వెళ్ళి అడగలేదా?"

"ఏమని అడగను? మీ పిల్లల్ని పంపండి, నేను ఒక్కదాన్నే తినలేకపోతున్నాను అని అడగనా?"

ఆ మాట అనేసి పెట్టె వైపు తిరిగిపోయారు. కాన్వెంటు బస్సులు నిలుపుకోడానికి ఎవరో ఆ జాగా ఎప్పటి నుంచో అడుగుతున్నారట. రేపు పొద్దున్న వస్తే ఇచ్చేస్తానని కబురు పెట్టారు. తను కాకినాడలో పెదనాన్న కూతురి ఇంటి వెనక గదిలో ఉంటారట. పిల్లలు పరిగెత్తే చోట బస్సులు! నాకు ఒళ్ళు మండిపోయింది. "సాయంత్రందాకా ఆ పెట్టె మూత వెయ్యకండి" అని చెప్పి బయటపడ్డాను.

తిన్నగా దేవిశ్రీ ఇంటికి వెళ్ళాను. ఆ రోజు సెలవు, ఇంట్లోనే ఉంది. "ఏమమ్మా, టీచరుగారి గేటుకి కొమ్మ ఎవరు కట్టారు?" అని నిలదీశాను.

దేవిశ్రీ కంగారుగా నా నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. "నెమ్మదక్కా, అమ్మవారు ఉన్న ఇంటి గురించి అలా మాట్లాడకూడదు. టీచరుగారింటికి ఆటకెళ్ళే గణేష్‌బాబు లేడూ, వాళ్ళ నాయనమ్మ చెప్పింది. నేను నమ్మలేదు. హారతిని అడిగాను. 'టీచరుగారింట్లో ఆటలమ్మ ఉందా?' అంటే 'ఉంది' అంది. 'నిజంగానా?' అంటే 'రోజూ ఉంటుందమ్మా' అంది. 'నిన్ను ముట్టుకుందా?' అంటే 'ముట్టుకోకుండా చెడుగుడు ఎలా ఆడతాం' అంది! వెంటనే అమ్మావాళ్ళింటికి పంపేశాను."

సంగతి సగం అర్థమైంది. మిగతా సగానికి గణేష్‌బాబు ఇంటికి వెళ్ళాను.

వాళ్ళ నాయనమ్మ పాపాయమ్మగారు మొగల్తూరు నుంచి కొత్తగా వచ్చారు. భక్తి ఎక్కువ, చెవుడు ఇంకా ఎక్కువ. ఒకటో తరగతి చదివే మనవడిని, బడి అయ్యాక సాయంత్రాలు ఎక్కడికి వెళ్తావురా అని అడిగారట. "ఆటలమ్మ ఇంటికి" అన్నాడట వాడు. "ఎవరింట్లోరా ఆటలమ్మ?" అంటే, "ఎదురింటి టీచరుగారింట్లో" అన్నాడట. ఇంకేముంది! ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు, ఆవిడ తెల్లారకుండానే స్నానం చేసి వేపకొమ్మ కోసుకొచ్చి ఆ గేటుకి కట్టి, పసుపు రాసి, దణ్ణం పెట్టుకుని వచ్చేశారు. ఎవరో తీసేస్తున్నారని చూసి, అపచారమని రోజూ మళ్ళీ కట్టారు. పంపు దగ్గర వీధంతటికీ చెప్పారు. ఆ వారమే వెనకవీధిలో ఒక పిల్లాడికి నిజంగానే పోసింది. దాంతో ఎవరికీ అనుమానం రాలేదు. అమ్మవారు ఉన్న ఇంటికి వెళ్ళకూడదు, ఎలా ఉందని అడగకూడదు, పేరెత్తకూడదు. ఎవరూ వెళ్ళలేదు, ఎవరూ అడగలేదు, ఎవరూ పేరెత్తలేదు.

నేను వీధి మధ్యలో నిలబడి అరిచాను. నా నోటి సంగతి మా వీధికి తెలుసు. "ఓసి మీ భక్తి తగలెయ్య! ఆవిడకి ఆటలమ్మ రాలేదర్రా, ఆవిడే ఆటలమ్మ! మీ పిల్లలు పెట్టుకున్న పేరు! అడగండి మీ పిల్లల్ని!"

కిటికీలు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. పిల్లలు "అవును, అవును" అని ఎగిరారు. ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత వీధంతా నవ్వింది. దేవిశ్రీ పొట్ట పట్టుకుని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నేనూ నవ్వుతూనే రోడ్డు దాటి, ఈ వింత చెప్పాలని గేటు తోసుకుని వెళ్ళాను. మొత్తం చెప్పాను. గణేష్‌బాబు మాట, పాపాయమ్మగారి పసుపు, హారతి చెడుగుడు, అన్నీ.

ఆవిడ నవ్వలేదు. చేతిలో తాడు అలాగే పట్టుకుని ట్రంకు పెట్టె మీద కూర్చున్నారు.

"అయితే నిజంగానే నమ్మారా?" అని అడిగారు.

"నిజంగానే నమ్మారండి. అదే కదా నవ్వు!"

"నా మీద కోపంతో రాలేదనుకున్నాను. కోపం అంటే మనిషిని లెక్కలోకి తీసుకున్నట్టే కదా. అలా సర్దుకున్నాను." తాడు కొస వేలికి చుట్టుకున్నారు. "ఒళ్ళంతా పొక్కులతో, జ్వరంతో, ఈ ఇంట్లో నేను ఒక్కదాన్నే పడున్నానని నమ్మారు. అందరూ నమ్మారు. అన్నాళ్ళలో ఒక్కళ్ళు గేటు దగ్గరకొచ్చి, 'టీచరుగారూ, ఉన్నారా?' అని అడగలేదా సుభద్రా?"

వెళ్ళకూడదనే ఆనవాయితీ ఉందండీ అని చెప్పబోయాను. అది ఆవిడకి తెలియదా? నాకంటే ఎక్కువే తెలుసు. నాకు ఏడుపొచ్చింది, ఆవిడ ముందే ఏడ్చేశాను. ఆవిడ మాత్రం ఏడవలేదు.

సాయంత్రం తల్లులందరూ వచ్చారు. పాపాయమ్మగారు అందరికంటే ముందు. అమ్మవారి పేరున్న ఇంటికి ఉత్తి చేతుల్తో రాకూడదని గిన్నెనిండా వడపప్పు, చెంబుతో పానకం పట్టుకొచ్చారు. "తప్పైపోయిందమ్మా, నా చెవులు పాడుగాను" అని లెంపలేసుకున్నారు. దేవిశ్రీ మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"అమ్మావాళ్ళింటికి మనిషిని పంపానండీ, రాత్రికి హారతి వచ్చేస్తుంది," అంది. "రేపటి నుంచి పంపమంటారా?"

మాణిక్యాంబగారు వడపప్పు గిన్నె అందుకుని, చుట్టూ మూగిన పిల్లల చేతుల్లో తలా ఒక గుప్పెడు పెడుతూ, తలెత్తకుండానే అన్నారు.

"పంపండి. కానీ ఒక్కటి అడుగుతాను. నా గేటుకి ఏ కొమ్మ కట్టి ఉన్నా సరే, తాళం వేసి ఉన్నా సరే, ఒక్కళ్ళు వచ్చి తట్టండి. ఉన్నావా అని అడగండి. లోపలికి రానక్కర్లేదు. అడిగి వెళ్ళిపోండి. అది చాలు నాకు."

"ఆయ్, అలాగేనండి," అన్నారు అందరూ. కాన్వెంటు బస్సులవాళ్ళు మర్నాడు వచ్చి, గేటు లోపల ఏడుపెంకులాట జోరుగా సాగుతుంటే చూసి వెళ్ళిపోయారు.

పెద్దవాళ్ళు మాటిచ్చారు గానీ దాన్ని నిలబెట్టింది పిల్లలు. వాళ్ళకి అదీ ఒక ఆటే అయింది. నాలుగింటికి ఎవరు ముందొస్తే వాళ్ళు గేటు గడియ టకటకా కొట్టి "ఆటలమ్మా, ఉన్నావా?" అని కేకేసేవారు. లోపల్నుంచి "ఉన్నా!" అని వినపడితేనే గేటు తీసేవారు. నేను మిషను మీద నుంచి రోజూ వినేదాన్ని. ఆవిడ ఒకరోజు గట్టిగా అనేవారు, ఒకరోజు మెల్లిగా అనేవారు, జలుబు చేస్తే ముక్కుతో అనేవారు. ఆ గొంతు విని ఆవిడ ఒంట్లో ఎలా ఉందో నేను చెప్పగలిగేదాన్ని.

కానీ పిల్లలు పిల్లల్లా ఉండిపోరు కదా. రెండువేల మూడూ నాలుగూ వచ్చేసరికి ఆరో తరగతికే హాస్టళ్ళలో వెయ్యడం మొదలైంది. హారతిని గుంటూరు పంపారు. వెళ్ళే రోజు అది తాడు తీసుకెళ్తానని గొడవ చేసింది. అక్కడ ఆడుకునే జాగా లేదంటే పెట్టెలోంచి తీసి దండెం మీద వేలాడదీసి వెళ్ళింది. "వచ్చేటప్పుడు నా తాడు నేను తీసుకుంటానండి" అంది, అచ్చం ఆవిడ మాటే. కొత్తగా పుట్టిన పిల్లలకి టీవీలో బొమ్మలున్నాయి, సాయంత్రం ట్యూషన్లున్నాయి. ముగ్గురయ్యారు, ఇద్దరయ్యారు. ఒక వేసవి సెలవుల తర్వాత బళ్ళు తెరిచారు, నాలుగింటికి గంట కొట్టారు, ఎదురింటి గేటు ఎవరూ తట్టలేదు.

నేను మిషను ఆపి కూర్చున్నాను. ఆవిడ లోపల ఆ గడియ చప్పుడు కోసం చూస్తున్నారని నాకు తెలుసు. గోడ అవతల ఉన్నా తెలుస్తూనే ఉంది. లేచి, చేతిలో ఉన్న జాకెట్టు అలాగే పట్టుకుని రోడ్డు దాటి, గడియ కొట్టాను. యాభై దగ్గరపడ్డదాన్ని, సిగ్గేసింది. అయినా అరిచాను.

"ఆటలమ్మా, ఉన్నావా?"

చాలాసేపటికి వినపడింది. "ఉన్నా. నువ్వేంటే?"

"ఏమో, ఆకలేస్తోంది."

"ఆకలా, నోటి దురదా?"

"రెండూ కాదండి," అన్నాను.

ఆవిడ గేటు తీసి నన్ను కింద నుంచి పైదాకా చూశారు. కూర్చుని కూర్చుని నేను బస్తాలా అయిన మాట నిజమే. "ముందు కాళ్ళూ చేతులూ కడుక్కురా," అన్నారు. ఆ రోజు నుంచి నాలుగింటికల్లా మిషను ఆపేసి వెళ్ళేదాన్ని. ఆ పెరట్లో చుట్లు తిప్పించేవారు. ఆగితే ఈల వేసేవారు. తర్వాత ఇద్దరం జామచెట్టు కింద సెనగలు తినేవాళ్ళం. ఆవిడ కోసమే వెళ్తున్నాను, పాపం ఒక్కరే ఉంటారు అని వీధిలో చెప్పుకునేదాన్ని. నాకేం, నాకు మిషనుందిగా.

మొన్న శ్రావణంలో ముసురు పట్టింది. నాకు జ్వరం తగిలింది. కొట్టు తలుపులు వేసుకుని పడుకున్నాను. మా ఆయన ఫోను చేసే రోజు కాదు. జాకెట్లకి వచ్చినవాళ్ళు నేను లేననుకుని వెళ్ళిపోతున్నారు, వాళ్ళ చెప్పుల చప్పుడు వినపడుతోంది. లేచి తలుపు తీసే ఓపిక లేదు. దాహమేస్తోంది, నీళ్ళ బిందె ఎక్కడో దూరాన ఉన్నట్టుంది. ఇలా పోతే ఎవరికి తెలుస్తుంది అని ఒక్క క్షణం అనిపించి, గోడ వైపు తిరిగి ఏడ్చాను. నాలుగు కొట్టింది. వానలో బడి గంట కూడా సరిగ్గా వినపడలేదు.

తలుపు గడియ టకటకా మోగింది.

"సుభద్రా, ఉన్నావా?"

డెబ్భై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషి, ఆ వానలో, ఆ బురదలో, రోడ్డు దాటి వచ్చారు. నేను గోడ పట్టుకుని లేచి కూర్చున్నాను. ఇంకోసారి తట్టారు. ఇంకోసారి అడిగారు.

"ఉన్నా," అన్నాను. "ఉన్నానండీ టీచరుగారూ, ఉన్నాను."

"ఉంటే తలుపు తియ్యవే. జావ చల్లారిపోతోంది."